పాత గైడు పేరు పేపర్‌లో ఉండాలా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టును పరిశోధన పత్రికకు పేపర్‌గా పంపాలనుకుంటోంది. త్వరగా మూడు నాలుగు పేపర్లు ఉంటేనే భవిష్యత్తు అంటున్నారు. పాత గైడు పేరు పెడితే క్రెడిట్ అంతా ఆయనకే పోతుందా? పెట్టకపోతే రేపు రికమెండేషన్ లెటర్ ఇవ్వరా? ఏది లాభం?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: మీకు పేపర్ కన్నా లెటర్ గురించే టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం, ఇచ్చేవాళ్లు ముఖ్యంగా అడిగేది పీహెచ్‌డీ గైడు మాట. ఎమ్మెస్సీ గైడుకు కోపం వచ్చినంత మాత్రాన మీ అమ్మాయి దారి మూసుకుపోదు.

క్రెడిట్ పోతుందన్న భయమూ వద్దు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్–సుబ్బారో పద్ధతి గురించి ఆమె చదివే ఉంటుంది. 1925 నాటి ఆ పేపర్‌లో ముందున్నది హార్వర్డ్ అధ్యాపకుడు సైరస్ ఫిస్క్ పేరు, తర్వాతది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు పేరు. వందేళ్లయినా రెండు పేర్లూ కలిపే చెప్పుకుంటున్నాం.

మీరు ‘ఏది లాభం’ అనడం మాత్రం నాకు నచ్చలేదు. ఆయన ఏం పని చేశారో చూడాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం నిధులు తెచ్చినందుకో, పైపైన పర్యవేక్షించినందుకో రచయిత కారు. అలాంటివారికి చివర కృతజ్ఞతలు చెబితే చాలు. కానీ ప్రయోగాన్ని రూపొందించడంలోనో, డేటాను విశ్లేషించడంలోనో ఆయన పాత్ర గట్టిగా ఉంటే, డ్రాఫ్ట్ చూసి దిద్దే అవకాశం ఆయనకు ఇచ్చి తీరాలి. పంపకుండానే ‘ఆయన ఒక్క వాక్యమూ రాయలేదు’ అనడం అన్యాయం. అలాగని అడగకుండా పేరు పెట్టేయకూడదు. చాలా పత్రికలు రచయితలందరికీ మెయిల్ పంపుతాయి. ఆయన జవాబివ్వకపోతే ఫోన్ చేయమనండి, ఊరికి వచ్చినప్పుడు విశాఖ వెళ్లి కలవమనండి. రెండేళ్ల కింద రోజూ మాట్లాడిన మనిషే కదా.

ఇక మూడు నాలుగు పేపర్ల సంగతి. మీకు ఎవరు చెప్పారో గానీ, ఈ లెక్క పిల్లల్ని పాడుచేస్తోంది. థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చు కావాలన్న షరతును యూజీసీయే 2022లో తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు, అది మీ అమ్మాయి కనుక్కుంటుంది. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే పత్రికల్లో పేరు చూసుకుని మురిసిన పిల్లలు, ఇంటర్వ్యూలో ఆ పేపర్ గురించి రెండో ప్రశ్నకే తడబడటం నేను చూశాను. అలా తలదించుకుని బయటికొచ్చిన పిల్లల వెనుక తొందరపెట్టిన తండ్రి ఉన్నాడు. కోప్పడుతున్నానని అనుకోకండి, మీరు ఆ తొందర మానాలి. అసలు ఈ ఉత్తరం ఆమె రాయాల్సింది.

ఈ పేపర్ సంగతి ఆమె ఇప్పటి గైడుకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే చెప్పమనండి. చెప్పినందుకని ఆయన పేరు కూడా ఊరికే కలపక్కర్లేదు.