గీజర్ బిగించడానికి అసలు ఎంతవుతుంది - మా ఇంట్లో అయిన ఖర్చు

పాత ఇల్లు కొన్నాం, రెండు బాత్రూముల్లో గీజర్లు పెట్టించాలి, ఆన్‌లైన్‌లో 7 వేలకి వస్తున్నాయి, ఇన్‌స్టాలేషన్ ఫ్రీ అంటున్నారు, ఇంకేమైనా ఖర్చు ఉంటుందా అని అడిగారు కదా. ఉంటుందండీ. మాదీ పాత ఇల్లే, హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, 2015లో కొన్నాం, ఇప్పటికి మూడుసార్లు గీజర్ పని చేయించాను కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందు ఆ ఫ్రీ సంగతి. కంపెనీ మనిషి వచ్చి గోడకి డ్రిల్ వేసి గీజర్ తగిలించి, ఉన్న పాయింట్లకి పైపులు కలిపి, ఆన్ చేసి చూపించి వెళ్లిపోతాడు, అంతవరకే ఫ్రీ. కనెక్షన్ పైపులకి డబ్బులు, ఫాస్టనర్లకి డబ్బులు, యాంగిల్ కాక్‌లు (గోడ పాయింటు దగ్గర నీళ్లు ఆపే చిన్న ట్యాప్‌లు) లేకపోతే అవి మనమే తెచ్చిపెట్టాలి, కరెంటు పాయింటు సరిగ్గా లేకపోతే అది అతని పని కాదు. 2022లో మేడ మీద బాత్రూముకి 15 లీటర్లది 7,400 పెట్టి కొన్నాను. టెక్నీషియన్‌కి పైపులు ఫాస్టనర్లు కలిపి 750, రెండు యాంగిల్ కాక్‌లు 700, పాయింట్లు ఎత్తులో తేడా ఉంటే సరిచేసినందుకు ప్లంబర్‌కి 800. ఎలక్ట్రికల్ వైపు వైరు 2,200, ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే లైను ఆపేసే స్విచ్), పవర్ సాకెట్, బాక్సు కలిపి 950, గోడ కొట్టి పైపు వేసి లైను లాగినందుకు లేబర్ 1,800. కూడితే 7,200, అంటే ఇంచుమించు గీజర్ ఎంతో పైఖర్చూ అంత. ఇప్పుడు రేట్లు ఇంకా పెరిగి ఉంటాయి, మీ డీబీ (ఇంటి లైన్లన్నీ మొదలయ్యే మెయిన్ బోర్డు) నుంచి బాత్రూము ఎంత దూరమో దాన్ని బట్టి కూడా మారుతుంది, మాకు 14 మీటర్లు వచ్చింది.

ఆ ఎలక్ట్రికల్ ఖర్చు దగ్గర మాత్రం దయచేసి వెనకాడొద్దు, ఎందుకంటే నేను ఒకసారి వెనకాడాను.

2016 చలికాలంలో మొదటి గీజర్ పెట్టినప్పుడు దగ్గర్లో ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి, విడిగా లైను ఎందుకు సార్ దండగ, బాత్రూము లైటు బోర్డులోంచి లాగేస్తా అన్నాడు, 500 తీసుకున్నాడు, నేనూ బాగానే ఉందిలే అనుకున్నా. అది 1.5 ఎస్‌క్యూ ఎంఎం (వైరు మందం లెక్క) వైరు, లైట్లకీ ఫ్యాన్లకీ వేసే సన్నది. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, రోజూ అరగంట అరగంట నడిస్తే ఆ వైరు, ఆ సాకెట్ వేడెక్కిపోతాయి, మొదటి ఏడాదే ప్లగ్గు దగ్గర కాలిన వాసన వచ్చేది, ప్లగ్గు మార్చి ఊరుకున్నాం. రెండో చలికాలం ఒకరోజు పొద్దున్నే అమ్మ స్నానానికి వెళ్లి ట్యాప్ పట్టుకోగానే గట్టిగా అరిచింది, చెయ్యి జివ్వుమని లాగిందట, అదృష్టం కొద్దీ చెయ్యి విడిపోయింది. అమ్మకి అప్పుడు 63 ఏళ్లు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది.

తర్వాత వేరే మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే విప్పి చూపించాడు, సాకెట్లో ఎర్త్ పిన్ వెనకాల వైరే లేదు, ఖాళీ. మాది బోరు నీళ్లు, ఎలిమెంట్ (లోపల నీళ్లు వేడిచేసే రాడ్) మీద తెల్లగా రాయిలా గార కట్టేసింది, దాంతో అది వేడెక్కి పగిలి కరెంటు నీళ్లలోకి లీకైంది. ఎర్తింగ్ ఉండి ఉంటే ఆ లీకైన కరెంటు భూమిలోకి పోయేది, లేదు కాబట్టి ట్యాప్ దాకా వచ్చి అమ్మ చేతిలోంచి పోయింది. 500తో అయిపోయిందనుకున్న పని ఇది.

కాబట్టి మీరు గీజర్ ఆర్డర్ చేసేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, డీబీ నుంచి ఒక్కో గీజర్‌కి విడిగా 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరు, విడిగా ఎంసీబీ, 16 ఆంప్స్ సాకెట్ ఉన్నాయా లేవా చూపించండి. ఎర్తింగ్ ఉందంటే మాట నమ్మకండి, మల్టీమీటర్ పెట్టి చూపించమనండి, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. పాత ఇళ్లలో ఎర్త్ పిట్ (ఎర్త్ వైరు భూమిలోకి దింపే గుంట) ఎండిపోయి పనిచేయకుండా ఉండడం మామూలే, మాకు 2018లో అది మళ్లీ వేయించడానికి 3,500 అయింది. దాంతోపాటు డీబీలో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాను, లేబర్‌తో 2,300. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, కరెంటు లీకై మనిషికి తగిలితే ప్రాణం మీదికి రాకుండా వెంటనే లైను కట్ చేసేది ఆర్‌సీసీబీ. ఎంసీబీ ఉంది కదా చాలు అనే వాళ్లు చాలామంది ఉన్నారు, చాలదండీ. ఇవన్నీ ఉన్నా మేము స్నానానికి ముందు స్విచ్ ఆపేస్తాం, ఆ అలవాటు మానలేదు.

రెండు గీజర్లూ ఒకేసారి వేస్తే 4 కిలోవాట్లు, మీ మీటర్‌కి మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసుకోండి, తక్కువుంటే లోడు పెంచుకోవడానికి విడిగా కట్టాల్సి వస్తుంది.

ఇన్‌స్టంట్ గీజర్ 3 లీటర్లది చవగ్గా వస్తుంది కదా అని చూస్తున్నారేమో. అవి ఎక్కువగా 3000 వాట్లు, 13 ఆంప్స్, దానికీ ఇదే లైను కావాలి, కాబట్టి వైరింగ్‌లో మిగిలేది ఏమీ లేదు. 4500 వాట్లవి కూడా ఉన్నాయి, వాటికి 16 ఆంప్స్ ప్లగ్గు సరిపోదు. కిచెన్ సింక్‌కి అయితే ఇన్‌స్టంట్ బాగుంటుంది, బకెట్ స్నానానికి 15 లీటర్లు, షవర్ కింద నిలబడే పిల్లలుంటే 25. కరెంటు లెక్క కావాలంటే 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కడానికి 0.6 యూనిట్ పైన, 25 లీటర్లకి యూనిట్, రోజంతా ఆన్‌లో వదిలేస్తే ట్యాంకు చల్లారుతూ మళ్లీ వేడెక్కుతూ ఇంకా కాలుతుంది, స్టార్లు ఎక్కువున్నది తీసుకుంటే ఆ నష్టం తక్కువ.

బోరు నీళ్లయితే ఏడాదికోసారి సర్వీసు ఖర్చు కూడా బడ్జెట్‌లో రాసుకోండి, ట్యాంకు కడిగించడం, ఎలిమెంట్ మీద గార తీయించడం, యానోడ్ రాడ్ అరిగిపోతే మార్పించడం. ఆ రాడ్ ట్యాంకు బదులు తాను తుప్పు పడుతుంది, అది అయిపోయాక తుప్పు ట్యాంకుకి మొదలవుతుంది. వారంటీ కార్డులో ట్యాంకుకి ఒక లెక్క, ఎలిమెంట్‌కి ఒక లెక్క, మొత్తం గీజర్‌కి ఇంకో లెక్క ఉంటుంది, మూడూ చదవండి.

ఫ్లాట్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇంకో మాట. మా బావగారిది 15 అంతస్తుల బిల్డింగులో రెండో ఫ్లోరు. ట్యాంకు టెర్రస్ మీద ఉంటే కింద ఫ్లోర్ల వాళ్లకే ప్రెషర్ ఎక్కువ, ప్రతి 10 మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక బార్, అందుకే 8 బార్ ప్రెషర్ తట్టుకుంటుందని రాసి ఉన్న గీజర్ తీసుకోమన్నాను. వాళ్లింట్లో సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని ప్లంబర్ దానికి ఎండ్ క్యాప్ బిగించేశాడు! నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడి పోవడానికే ఆ వాల్వ్, వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడడం మంచిదే, అది మూసేస్తే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. చూసిన రోజే తీయించి, చిన్న పైపు పెట్టి డ్రెయిన్‌లోకి వదిలించాం.

గ్యాస్ గీజర్ గురించి ఎవరైనా చెబితే బాత్రూము లోపల మాత్రం పెట్టించకండి, తలుపు మూసుకున్నాక కార్బన్ మోనాక్సైడ్ నిండితే వాసన కూడా రాదు, మనిషి కూర్చున్నచోటే పడిపోతాడు.

మీ రెండు బాత్రూములకి లైన్లు లేవనుకుంటే గీజర్లు కాకుండా ఇంకో 15 వేలు పక్కన పెట్టుకోండి, ఎర్త్ పిట్, ఆర్‌సీసీబీ కూడా కావాలంటే 20 పైనే. లైన్లు ఉంటే 4, 5 వేల్లో అయిపోతుంది. పని దసరా లోపే చేయించేసుకోండి, కార్తీకమాసం వచ్చిందంటే అందరికీ ఒకేసారి గీజర్లు కావాలి, మాకు 2022లో టెక్నీషియన్ కోసం తొమ్మిది రోజులు ఆగాల్సొచ్చింది. ఎలక్ట్రీషియన్ చూసి ఏం చెప్పాడో ఇక్కడ రాయండి, వైరు మీటర్ల లెక్క సరిగ్గా ఉందో లేదో చూసి చెబుతాను.