మారుతాళాల పని మంచిదే, దాని కోసం రెండు లక్షల డెబ్బై వేల అప్పు వద్దు

ప్రశ్న: నా వయసు 27. ఖమ్మంలో ఒక హార్డ్‌వేర్ షాపులో పని చేస్తున్నాను, జీతం 16,000. నా భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నెలకు 5,000 దాకా వస్తాయి. అమ్మ, రెండేళ్ల పాప మాతోనే ఉంటారు. ఇంటి ఖర్చు 14,000. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను. మొత్తం 20 నెలల్లో 11 అయ్యాయి, ఇంకా పాడలేదు. బ్యాంకులో 85,000 ఉన్నాయి. మారుతాళాలు చేయడం, తాళాలు బాగుచేయడం సొంతంగా పెట్టుకోవాలని ఆశ. హైదరాబాద్‌లో ఒకాయన కారు తాళాలు ప్రోగ్రామ్ చేసే మెషీన్, కీ కటింగ్ మెషీన్, పది రోజుల ట్రైనింగ్ అన్నీ కలిపి 3,50,000 అన్నాడు. మామూలు కటింగ్ మెషీన్ ఒక్కటే అయితే 18,000 అట. నా దగ్గరున్నదాంట్లో 80,000కు, భార్య బంగారం మీద 1,20,000, నూటికి రెండు రూపాయల వడ్డీకి 1,50,000 కలిపి పని మొదలుపెట్టి, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. ఏమంటారు సార్?

జవాబు: పని మంచిదే. ఇల్లున్న ప్రతి చోటా తాళం ఉంటుంది, బండి ఉన్న ప్రతి చోటా తాళం చెవి పోతుంది. ఊళ్లో ఈ పని బాగా వచ్చినవాళ్లు తక్కువ. కానీ మీరు వేసుకున్న లెక్క మీ కుటుంబాన్ని ఇబ్బంది పెడుతుంది, అందుకే ముందు దాని గురించే చెబుతాను.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నర మీద నెలకు 3,000. బంగారం మీద ఏడాదికి 12 శాతం అనుకున్నా ఇంకో 1,200. నెలకు 4,200 వడ్డీకే పోతాయి, అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఏడాదిన్నర ఇలాగే కడితే 75,600. చేతిలో మిగిలేది 5,000 మాత్రమే. మొదటి నెల గిరాకీ లేకపోతే పాప పాలకు కూడా అప్పు చేయాల్సి వస్తుంది.

పైగా ఆ డబ్బంతా పోసేది మీకు ఇంకా రాని పని మీద. కొత్త కార్లలో చాలావాటి తాళం చెవిలో చిప్ ఉంటుంది. లోహం సరిగ్గా కోసినా, చిప్‌ను బండిలోని ఇమ్మొబిలైజర్ (వేరే చెవికి ఇంజిన్ కదలనివ్వని పరికరం) గుర్తుపట్టకపోతే తలుపు తెరుచుకుంటుంది గానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. మోడళ్లు మారుతున్న కొద్దీ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాలి, దానికీ డబ్బులే. పని తేడా వస్తే కారు కదలదు, ఓనరు ఊరుకోడు. పది రోజుల ట్రైనింగ్‌తో అంత బాధ్యత నెత్తిన పెట్టుకోకండి. కారు తాళం గిరాకీ వస్తే, ఆ మెషీన్ ఉన్నవాళ్లకు అప్పగించి మీ వాటా మీరు తీసుకోవచ్చు. ఏడాది పాటు అలాంటి గిరాకీలు ఎన్ని వచ్చాయో రాసి పెట్టుకుంటే, మెషీన్ కొనాలో వద్దో ఆ పుస్తకమే చెబుతుంది.

ముందు నేర్చుకోవాల్సింది చేతి పని. ఉన్న తాళం చెవికి నకలు తీయడం మెషీన్ చేస్తుంది. అసలు చెవే లేని తాళానికి కొత్తది చేయడంలోనే పనితనమంతా ఉంది. బ్లాంకును, అంటే పళ్లు కోయని చెవిని, తాళంలో పెట్టి, కొంచెం బిగువుగా అటూ ఇటూ తిప్పి బయటికి తీస్తే, లోపలి పిన్నులు ఆనిన చోట సన్నటి గుర్తులు పడతాయి. వెలుతురులో పట్టుకుని చూస్తేనే అవి కనిపిస్తాయి. గుర్తు పడిన చోట మాత్రమే ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది, మళ్లీ పెట్టి తిప్పాలి. పిన్ను సరైన ఎత్తుకు చేరగానే అక్కడ గుర్తు పడటం ఆగిపోతుంది. ఒక్క రుద్దు ఎక్కువైతే బ్లాంకు పారేయాల్సిందే. బీరువా తాళం, బైక్ హ్యాండిల్ లాక్, పెట్రోల్ ట్యాంకు మూత, లోపలి నుంచి పడిపోయిన తలుపు గడియ, ఇవన్నీ వేర్వేరు పనులు. మన ఊళ్లలో రోడ్డు పక్కన పెట్టె పెట్టుకుని చేసే సిక్కు సోదరుల్లో చాలామందికి ఇది తరాలుగా వస్తున్న పని. అలాంటి పెద్దాయన ఒకరిని పట్టుకుని, సాయంత్రాలు, సెలవు రోజులు ఆరేడు నెలలు కూర్చోండి. నేర్పినందుకు ఆయన అడిగింది ఇవ్వండి. మీరు పెట్టే డబ్బులో అన్నిటికన్నా లాభం ఇచ్చేది అదే. ఆయన దగ్గర కూర్చున్నప్పుడే రోజుకు ఎన్ని గిరాకీలు, ఏ పనికి ఎంత, బ్లాంకు ఖర్చెంత అని లెక్క రాసుకోండి.

ఉద్యోగం అప్పుడే మానకండి. చెవి పోగొట్టుకున్నవాళ్లు కొత్త తాళం కోసం ముందు వచ్చేది మీ షాపుకే. షాపు ముందు చిన్న బల్ల వేసుకోనిస్తారేమో యజమానిని అడగండి, నెలకు ఇంత అద్దె అనో వాటా అనో మాట్లాడుకోండి. మారుతాళాలు చేస్తే కొత్త తాళాల అమ్మకం తగ్గుతుందని ఆయన అనొచ్చు. తాళం చెవి కోసం వచ్చినవాడు బోల్టో గొళ్లెమో కొనకుండా వెళ్లడని మీరు రోజూ చూస్తున్నదే, అదే చెప్పండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 85,000లో 56,000 కదిలించకండి, అది నాలుగు నెలల ఇంటి ఖర్చు. మిగిలిన 29,000లో మెషీన్‌కు 18,000 పోను 11,000 ఉంటాయి. వైస్, ఆకురాళ్లు, డ్రిల్లు, మొదటి విడత బ్లాంకులు అందులోంచే. అన్ని రకాల బ్లాంకులూ ఒకేసారి కొనొద్దు, మీ ఊళ్లో ఎక్కువ తిరిగే బండ్లవి చాలు. చీటీ మాత్రం తొందరపడి పాడకండి. ఇంకా తొమ్మిది నెలలు. చివర్లో తీసుకుంటే కమిషన్ పోను దాదాపు లక్ష చేతికొస్తుంది, అప్పటికి మీకు పనీ వస్తుంది. ఆ లక్షే మీ పెట్టుబడి, వడ్డీ లేనిది. చీటీ నడిపేవాళ్లు చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టర్ అయ్యారో లేదో మాత్రం ఈ వారంలోనే కనుక్కోండి.

పీఎం విశ్వకర్మ పథకం గురించి మీరు అడగలేదు, కానీ మీ ఇంటికి అది చాలా ముఖ్యం. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో తాళాల పని ఉంది, కుట్టుపని కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15,000 దాకా వోచర్, తర్వాత హామీ లేకుండా లక్ష రూపాయల రుణం 5 శాతం వడ్డీకి ఇస్తారు. 18 నెలల్లో తీర్చాలి, నెలకు సుమారు 5,780, మొత్తం వడ్డీ 4,000 చిల్లర. అదే లక్షకు నూటికి రెండు చొప్పున 18 నెలలకు 36,000 అవుతుంది. అయితే ఇందులో రెండు షరతులున్నాయి. ఆ వృత్తిని ఇప్పటికే చేస్తున్నవాళ్లకే ఇస్తారు, ఇంట్లో ఒక్కరికే ఇస్తారు. మీకు ఈరోజు అర్హత లేదు, మీ ఆవిడకు ఉంది. నా మాట వింటే ఆమె పేరు మీదే పెట్టండి. మీరు నిలదొక్కుకునే దాకా ఇంటిని నిలబెట్టేది ఆమె కుట్టుపనే. మంచి మిషన్ వస్తే ఆ 5,000 పెరుగుతాయి. రుణం తీసుకోకపోయినా శిక్షణ, వోచర్ అందుతాయి. కొత్త నమోదులు తీసుకుంటున్నారో లేదో దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. మీకు తర్వాత కాస్త తక్కువ పడితే చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా ఉంది.

ఉద్యోగం ఎప్పుడు మానాలో కూడా లెక్క ఉంది. ఇంటికి 14,000, చీటీకి 5,000, బల్ల అద్దె 2,000 అనుకుంటే 21,000. మీ ఆవిడ సంపాదన పోను 16,000 మీరు తేవాలి. నెలకు 26 పని రోజులంటే, ఖర్చులు పోను రోజుకు 620 మిగలాలి. బల్ల దగ్గర వరుసగా మూడు నెలలు అలా మిగిలితే ధైర్యంగా మానేయండి. పండగ నెలను లెక్కలోకి తీసుకోకండి.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరో వచ్చి ఇల్లు తెరవమంటే, ఆధార్ చూడకుండా, పక్కింటివాళ్లను అడగకుండా చేయి పెట్టకండి. బండి అయితే ఆర్సీ చూడండి. పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, తేదీ రాసి సంతకం తీసుకోవడానికి ఒక రిజిస్టర్ పెట్టండి. ఒక్క దొంగతనం కేసులో పేరు వినబడితే ఊళ్లో మళ్లీ ఎవరూ పిలవరు. రాత్రి పిలుపులకు ధర ఫోన్‌లోనే చెప్పి బయలుదేరండి, తలుపు తెరిచాక పెంచొద్దు.

రాత్రిపూట బండి మీద తిరుగుతారు కాబట్టి ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాదాలకు), 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా) ఈ నెలలోనే బ్యాంకులో రాయించండి. ఒక్కోదానికి రెండు లక్షల కవరేజీ. ఆహార భద్రత కార్డు ఉంటే ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. హైదరాబాద్ ఆయనకు ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే రసీదు తీసుకుని వెనక్కి అడగండి.