తోడికోడలి కొడుకుతో మీ వాడికేం పోటీ?

ప్రశ్న: మాది కర్నూలు. ఉమ్మడి కుటుంబం. మా బాబు నాలుగో తరగతి. వాడి సెక్షన్‌లో 48 మంది. వెనక బెంచీలో కూర్చుంటాడు. ‘మిస్‌కి నా పేరు తెలీదమ్మా, నీలం బ్యాగు అబ్బీ అని పిలుస్తుంది’ అన్నాడు. బోర్డు మీది లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటాడు. పుస్తకంలోవి ఇంట్లో బాగానే చేస్తాడు. మా తోడికోడలి కొడుకు అదే సెక్షన్‌లో లీడరు. ఆమె బీటెక్, వార్డు సచివాలయంలో ఉద్యోగం. నేను ఇంటర్‌తో ఆగిపోయాను. ‘చదువుకున్న తల్లికి పుట్టినోడి దారే వేరు’ అంటుంది మా అత్తమ్మ. తరగతికి 20 మందే ఉండే స్కూలు ఒకటి ఉంది. ఫీజు రెట్టింపు. గాజులు కుదవ పెట్టైనా చేర్చాలనుకుంటున్నాను. చేర్చమంటారా?

జవాబు: వద్దు. గాజులు చేతికే ఉండనీండి.

స్కూలు సంగతి ముందు ముగిస్తాను. 48 మంది ఎక్కువే. ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక టీచరు చొప్పున ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. నలభై నిమిషాల పీరియడును 48 మందికి పంచితే తలా 50 సెకన్లు. అయినా పేరు పెట్టి పిలవడానికి రెండు సెకన్లు చాలు, కాబట్టి ఆ మిస్‌ను నేను వెనకేసుకు రావడం లేదు. పేరెంట్స్ మీటింగ్ రోజున కాకుండా, మామూలు రోజు బడి వదిలాక వెళ్ళండి. ‘మా వాణ్ని కాస్త పట్టించుకోండి’ అంటే ‘సరే మేడమ్’ అంటారు, అంతటితో సరి. నోటుబుక్కు తెరిచి చూపించండి. ముందు బెంచీ అడగండి. రోజుకొక్క ప్రశ్న పేరు పెట్టి అడగమనండి.

అంతకన్నా ముందు వాడి కళ్ళు చూపించండి. బోర్డు మీదివి తప్పు, పుస్తకంలోవి ఒప్పు అని మీరే రాశారు కదమ్మా! దూరం చూపు ఆనని పిల్లలు ఆ సంగతి నోరు తెరిచి చెప్పరు. అందరికీ అట్లాగే మసకగా కనిపిస్తుందనుకుంటారు. మీ ఊళ్ళోనే ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పొద్దున్నే ఓపీకి తీసుకుపోండి.

ఇక అసలు సంగతి. మీరు రాసిన నాలుగు పేజీల్లో తోడికోడలు లేని పేజీ ఒక్కటీ లేదు. ఆమె కొడుక్కి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులొచ్చాయో వరసగా రాశారు. మీ వాడికి ఏ పాఠం ఇష్టమో, ఇంటర్వెల్‌లో ఎవరితో ఆడతాడో ఒక్క ముక్క రాయలేదు. మూడో పేజీ కింద, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట రాశారు: ‘సాయంత్రం మా వాణ్ని కూడా లెక్కలకు పంపమంది, నేనే పంపలేదు.’

అక్కడ ఆగిపోయాను. రెట్టింపు ఫీజు కట్టి ఎక్కడో కొనాలనుకుంటున్నది మీ ఇంట్లోనే, పక్క గదిలో ఉంది. ఇద్దరే పిల్లలు, ఎదురుగా లెక్కలొచ్చిన పెద్ద మనిషి. అడగకుండానే పిలిచింది కూడా. ఆమె దగ్గర తలవంచినట్టవుతుందని మీరు బిడ్డను గుమ్మం దాటనివ్వలేదు.

అత్తమ్మ మాట మిమ్మల్ని కోసిందని తెలుసు. ఆ మాట ముమ్మాటికీ తప్పు. మా అమ్మ వేలిముద్ర మనిషి. నెలకోసారి నా పుస్తకాలు తిరగేసి, ఎర్ర సిరా ఎక్కువున్న పేజీ దగ్గర వేలు పెట్టి, ‘ఈడేమాయె నాయనా?’ అని అడిగేది. అక్షరం రాని మనిషి నా చదువును కనిపెట్టుకుని ఉన్నంతగా ఏ టీచరూ ఉండలేదు. ఇంటర్ చదివిన మీరు ఎవరికి తక్కువ? అయితే మీ గౌరవం మీరే నిలుపుకోవాలి. ‘అత్తమ్మా, నన్ను ఏమన్నా అనాలంటే నన్నే అను, పిల్లోని ముందర వద్దు’ అని చెప్పండి. ఆ మాట పడేటప్పుడు మీ ఆయన పక్కనే అన్నం తింటూ ఉన్నారని రాశారు. ఆయన కూడా నోరు విప్పాలి. అంతేగానీ మీకు జరిగిన అవమానాన్ని తొమ్మిదేళ్ళ పిల్లోడు మార్కులతో తీర్చాలంటే ఎట్లా? వాడు ఇంట్లో కూడా వెనక బెంచీలోనే కూర్చున్నాడమ్మా. ముందు బెంచీలో మీ తోడికోడలి కొడుకును కూర్చోబెట్టింది మీరే.

ఆమె దగ్గర చెయ్యి చాచినట్టు అనుకోకండి. ఆమె ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇద్దరు పిల్లలకూ అన్నం పెట్టి, బట్టలు మార్చేది మీరేనని రాశారు. ఆమె బిడ్డ ఆకలి మీరు చూస్తున్నారు. మీ బిడ్డ లెక్కలు ఆమె చూస్తుంది. దీంట్లో ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

ఈ సోమవారం కళ్ళు చూపించండి. ఆ సాయంత్రమే వాడి చెయ్యి పట్టుకుని పక్క గదికి పోయి, ‘వీనికి లెక్కలు చూస్తావా?’ అని అడగండి. అత్తమ్మకు వినిపించినా ఫరవాలేదు.