కోయి చెరువులో బూడిద రంగు పిల్లలు ఎక్కడివి?

సందేహం: మాది పశ్చిమ గోదావరి జిల్లా ఉండి మండలం. ఇంటి వెనకాల ఎకరం మట్టి చెరువుంది. ఇన్నాళ్లూ బొచ్చె, శీలావతి పెంచాం. పోయిన సంక్రాంతి తరవాత రెండంగుళాల రంగుల కోయి పిల్లలు 1500 తెచ్చి వదిలాం. ఇప్పుడు మేత వేస్తే వంద కూడా పైకి రావడం లేదు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి, జానెడు లోతు కనపడదు. గట్ల వెంట మాత్రం బూడిద రంగు, గోధుమ రంగు పిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. అమ్మినవాళ్లు రంగేసిన చేపలిచ్చారా, మా నీళ్లకు రంగు వెలిసిపోతోందా? పటిక వేస్తే నీళ్లు తేరతాయా? కొన్ని చేపలు ఒళ్లు రుద్దుకుంటూ ఎగిరిపడుతున్నాయి. ఏ మందు వాడాలి?

జవాబు: రంగు వెలవలేదండీ. మిమ్మల్నెవరూ మోసం చేసినట్టు కూడా లేదు. గట్ల వెంట తిరిగేవి మీరు వదిలిన చేపలు కావు, వాటి పిల్లలు.

కోయి అంటే వేరే చేపేమీ కాదు, మనం పెంచే బంగారు తీగలోనే రంగు రకం. మన వేడికి ఆరు నెలలు దాటేసరికే మగవి, ఏడాదిలోపు ఆడవి గుడ్డుకొస్తాయి. కిలో బరువున్న ఆడ చేప లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్లకు జిగురుంటుంది, గట్టు వారన గడ్డికీ గుర్రపుడెక్క వేళ్లకూ అతుక్కుని రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. జనవరిలో వదిలిన పిల్లలు వానాకాలానికి ఎదిగి గుడ్లు పెట్టాయన్నమాట. తల్లిదండ్రులు ఎంత అందంగా ఉన్నా పిల్లలన్నిటికీ ఆ రంగు రాదు. కోయి పెంచడంలో పేరున్న జపాన్ రైతులు కూడా ఒక ఈనికలో వచ్చిన పిల్లల్ని విడతలు విడతలుగా ఏరి, అధిక భాగం తీసేస్తారు. మీ చెరువులో ఆ ఏరివేత కొంగలు చేస్తున్నాయి. తెలుపు, నారింజ రంగు పిల్లలు వాటి కంటికి ముందు పడతాయి, బూడిద రంగువి మీకు మిగులుతాయి. పాత పంటలోని బంగారు తీగ నాలుగైదు మిగిలి ఉన్నా, కాలవ నీటితో లోపలికి వచ్చినా వాటితో కలిసి ఈనాయంటే రంగు మరీ పోతుంది.

ఇక 1500 పిల్లలు ఏమయ్యాయన్నది. రెండంగుళాల పిల్లను ఎకరం చెరువులో నేరుగా వదలడమే అసలు ఇబ్బంది. కొర్రమీను, నీటికాకి, కొంగ, నీరుకట్టె, అన్నిటికీ అది ఒక్క గుటక. అయినా బతికినవెన్నో ఈ బురద నీళ్లలో పైనుంచి చూసి చెప్పలేం, వల వేసి లెక్కపెట్టాల్సిందే. కాబట్టి మందు కంటే, పటిక కంటే ముందు వలపట్టు చేయించండి.

ఈ చలికాలంలోనే, ఎండెక్కక ముందు పట్టించండి. ముందురోజు మేత ఆపండి. బొచ్చె, శీలావతి పట్టే లాగుడు వలతో లాగి గట్టున కుప్ప పోసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పొలుసు ఊడిందంటే కోయికి ధర పోయినట్టే. పైగా గాయం మీద బూజు, ఎర్రమచ్చలు వస్తాయి. ముడులు లేని మెత్తటి వల తీసుకుని, చుట్టివచ్చాక చేపల్ని నీళ్లలోనే ఉంచి, పెద్దవాటిని టబ్బులోకి నీళ్లతో సహా ముంచి తీయండి. మంచి రంగున్నవి హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టిలో) వేసుకోండి. రంగు లేనివాటిని మళ్లీ చెరువులో వేయాలని మనసు లాగుతుంది, వద్దు. అవి బంగారు తీగే కాబట్టి ఎదిగినవి కూర చేపగా అమ్ముకోవచ్చు, పులుసుకూ ఏ లోటూ ఉండదు. కాలవలో మాత్రం వదలకండి.

నీటి రంగు సంగతి. ఒక గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున మట్టి పేరుకుని పైన తేటగా ఉంటే అది చేపలు తవ్వి లేపిన బురద. తేరకుండా మట్టిరంగులోనే ఉంటే సన్నటి బంకమట్టి. ఆకుపచ్చగా ఉంటే నాచు, అది మంచిదే. మీ చెరువులో మొదటిదే అయి ఉంటుందని నా అంచనా. ఈ చేప మూతితో అడుగు తవ్వి అందులోని ఎర్ర పురుగుల్ని తింటుంది, వేల పిల్లలు తవ్వుతుంటే నీళ్లు టీ రంగులోకే వస్తాయి. ఇవాళ పటికతో తేర్చినా వారంలో మళ్లీ లేపుతాయి.

లెక్క కూడా చూడండి. ఎకరం చెరువు ఐదడుగుల లోతుంటే సుమారు 6000 ఘనపు మీటర్ల నీళ్లు. ఘనపు మీటరుకు 25 గ్రాముల చొప్పున వేసినా 150 కిలోల పటిక కావాలి. అది నీటి ఉదజని సూచికను (pH) కూడా తగ్గిస్తుంది. నిజంగా బంకమట్టే అని తేలితే జిప్సం మేలు, కానీ ఘనపు మీటరుకు 200 గ్రాముల లెక్కన 1200 కిలోలవుతుంది. నన్నడిగితే ఆ డబ్బు పిల్లల ఏరివేతకూ వలకూ పెట్టమంటాను. సంఖ్య తగ్గితే బురద దానంతటదే తగ్గుతుంది. ఇవి గట్టు అడుగున కూడా తవ్వుతాయి కనుక తూము దగ్గర బొరియలు పడ్డాయేమో చూసుకోండి.

అసలు మట్టి చెరువులో కోయి పూర్తిగా తేటనీళ్లలో కనిపించాలన్న ఆశ కొంచెం తగ్గించుకోవాలి. కోయి పుట్టిల్లు జపాన్‌లోని నీగాటా ప్రాంతం. కొండ మీద వరి మళ్లకు నీళ్లిచ్చే గుంటల్లో తిండికోసం పెంచిన చేపల్లోంచి రంగువి ఏరుకుంటూ వచ్చారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో మిగతా దేశానికి తెలిశాయి. అక్కడి రైతులు ఇప్పటికీ వేసవి మొదట్లో చేపల్ని మట్టి చెరువుల్లో వదిలి, మంచు పడక ముందే పట్టేసి, చలికాలమంతా లోపలి తొట్లలో ఉంచుతారు. చెరువులో ఉన్నన్నాళ్లూ వాళ్లకు కూడా చేపలు సరిగా కనపడవు. విశాలమైన చోటు, సహజమైన పురుగులు, నాచు దొరికి ఒళ్లు, రంగు రెండూ తేలతాయనే అక్కడ వదులుతారు. చూసుకోవడానికి, అమ్మడానికి, వైద్యానికి తొట్టి వేరే. మీకూ అదే చెబుతాను: చెరువు పక్కన ఐదారు ఘనపు మీటర్ల సిమెంటు తొట్లు రెండు కట్టించండి.

ఆ తొట్టి ఎందుకంటే, కొత్త చేపల్లో వచ్చే కొన్ని జబ్బులకు అర శాతం ఉప్పునీళ్లు మంచి ఊరట. కోయిని మగతగా పడుకోబెట్టే కార్ప్ ఎడిమా వైరస్ మన దేశంలోనూ కనపడింది, దానికీ ఇదే చేస్తారు. ఐదు ఘనపు మీటర్ల తొట్టిలో అందుకు 25 కిలోల ఉప్పు సరిపోతుంది. మీ చెరువుకైతే 30 టన్నులు కావాలి! అందుకే కొత్తగా తెచ్చిన ఏ చేపనైనా ముందు తొట్టిలో నెల రోజులు ఉంచాలి. ఇంకో మెలిక ఉంది. కోయి హెర్పిస్ వైరస్ నీటి వేడి 16 నుంచి 28 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు విజృంభిస్తుంది, 30 దాటితే అణిగి ఉంటుంది. ఆ వైరస్ ఉన్న చేపను మేలో కొంటే అప్పటికి ఆరోగ్యంగానే ఈదుతుంది, డిసెంబరులో మొప్పలు కుళ్లి చస్తుంది. కాబట్టి వేసవిలో కొనకండి.

ఒళ్లు రుద్దుకుంటున్నవాటికి చేప పేను పట్టిందని అనుమానం. విసురు వలతో నాలుగైదు పట్టి రెక్కల మొదట్లో, మొప్పల మూత కింద చూడండి. పప్పుబద్ద కంటే చిన్నగా, చదునుగా పాకుతూ కనపడితే పేనే. సన్నటి దారపు ముక్క లాంటిది ఒంట్లోంచి వేలాడుతుంటే అది లంగరు పురుగు. పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. చెరువులో అక్కడక్కడా చెక్క పలకలు నిలబెట్టి, వారానికోసారి తీసి ఎండలో బాగా ఎండబెడితే గుడ్లు చాలావరకు పోతాయి. మందుల విషయంలో తొందర వద్దు. పేనుకు దుకాణాల్లో ఇచ్చే పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు రొయ్యకు ప్రాణాంతకం. మీ పక్కన వనామి రొయ్యల చెరువులుంటే మీరు వదిలిన నీళ్లు వాళ్ల పంటను తుడిచిపెడతాయి. పురుగేదో తేలాక, నీటి లోతు కొలిచి, మత్స్యశాఖ అధికారి చెప్పిన మోతాదులోనే వాడండి.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చెరువు ఎండగట్టి, అడుగు నెర్రెలు విచ్చేదాకా వదిలేయండి. పూర్తిగా ఎండకపోతే మీటరు లోతు నీటికి ఎకరానికి 1000 కిలోల ఇప్ప చెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వేస్తే కొర్రమీనుతో సహా కలుపు చేపలు పోతాయి. దాని విషం విరగడానికి మూడు వారాలు ఆగాలి. సున్నం ఎకరానికి 200 కిలోలు చాలు. మట్టి పరీక్ష చేయిస్తే ఇంకా తక్కువ సరిపోవచ్చు. కాలవ నీళ్లు సన్నటి వల గుండానే పెట్టండి. గట్టు వారన రెండడుగుల లోతు ఉండేలా చెక్కితే కొంగకు నిలబడే చోటు దొరకదు. నీటికాకి మునిగి పడుతుంది కాబట్టి దానికి రొయ్యల చెరువుల మీద కట్టే పక్షుల వలే గతి.

తిరిగి వదిలేటప్పుడు తొట్టిలోనో హాపాలోనో ఆరంగుళాలు చేసి, ఎకరానికి వెయ్యికి మించకుండా వదలండి. గడ్డి, గుర్రపుడెక్క తీసేయండి. ఈనే కాలంలో మాత్రం గుర్రపుడెక్క నాలుగు కట్టలు కట్టి వేలాడదీసి, గుడ్లు అంటుకోగానే మర్నాటికల్లా గట్టు మీద ఎండేయండి. మేతకు సంచుల పద్ధతి (చిల్లుల సంచుల్లో మేత నింపి నీళ్లలో కట్టడం) వద్దు. తేలే మేత రోజూ ఒకే వేళకు ఒకే మూల వేస్తే రెండు వారాల్లో అలవాటుపడి పైకొస్తాయి, అప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు. మబ్బు పట్టినరోజు మేత తగ్గించండి. ఎరుపు తేలడానికి ఎండబెట్టిన రొయ్య తలల పొడి, స్పిరులినా (ఒక రకం నాచు పొడి) కొద్దిగా కలపవచ్చు, ఎక్కువైతే తెల్ల భాగం పసుపు పడుతుంది.

పరీక్షకు ల్యాబ్‌కు చేప తేవాలంటే చచ్చి తేలినది తేకండి. నీరసంగా ఉన్న బతికిన చేపను ఆక్సిజన్ నింపిన సంచిలో, విడిగా ఒక సీసా చెరువు నీళ్లతో ఉదయమే తీసుకురండి.