సాన్రికు తీరం రైల్లో చూడాలంటే: రియాస్ లైన్‌లో ఏ ముక్క ఎప్పుడు కట్టారో ముందు తెలుసుకోండి

మీరు అడిగింది ఇదీ: జపాన్ ఈశాన్యంలోని సెందాయ్‌లో ఉంటున్నారు, ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ల దగ్గర జేఆర్ పాస్ (జపాన్ రైల్వే కంపెనీల రైళ్లలో తిరిగే టూరిస్టు పాస్) ఉంటుంది. హచినోహె నుంచి దక్షిణంగా సాన్రికు తీరమంతా రెండు రోజుల్లో రైల్లో చూడొచ్చా, ఏ వైపు కూర్చోవాలి, కింద కొంత దూరం రైలు తీసేసి బస్సు ఎందుకు నడుపుతున్నారు?

చూడొచ్చండీ. ప్లాన్ చెప్పేముందు ఒక్క విషయం. ఉత్తరాన కుజి నుంచి దక్షిణాన సకారి దాకా ఇప్పుడు రియాస్ లైన్ అంటున్న ఈ తీరపు రైలు మార్గం ఒకేసారి కట్టింది కాదు. 1930ల్లో కట్టిన ముక్కలున్నాయి, 1970ల్లో కట్టినవి ఉన్నాయి, 1984లో కలిపినవి ఉన్నాయి. ఎక్కడ సముద్రం కనిపిస్తుంది, ఎక్కడ సొరంగమే ఉంటుంది, 2011 సునామీకి ఏది ఎంత దెబ్బతింది, ఇప్పుడు రైలుందా బస్సుందా అన్నవాటికి జవాబు చాలావరకు ఆ ముక్క కట్టిన ఏడులోనే దొరుకుతుంది.

ముందు నేల సంగతి. మియాకో ఊరిని గుర్తు పెట్టుకోండి. దానికి దక్షిణాన అసలైన రియాస్ తీరం. కితకామి కొండల్లో నదులు కోసిన లోయల్లోకి, మంచుయుగం తర్వాత సముద్ర మట్టం పెరిగి నీళ్లు ఎక్కాయి. అందుకే కొండ, ఇరుకైన ఖాతం, మళ్లీ కొండ ఇలా వరస. ఊళ్లన్నీ ఖాతం లోపలి కొసన ఉన్న చిన్న పల్లపు నేలలోనే. మియాకోకి ఉత్తరాన కథ వేరు: నేల పైకి లేచి, సముద్రం ఒడ్డునే నిట్టనిలువు గోడలా నిలబడింది. కితయమజాకి దగ్గర ఆ కొండచరియలు దాదాపు 200 మీటర్ల ఎత్తు. 2004 సునామీ అప్పుడు మన కోస్తా టీవీల్లో చూసి ఉంటారు కదా, చాలాచోట్ల తిన్నని ఇసుక తీరం, వెనక చదునైన డెల్టా. ఇక్కడ అలా కాదు. వెడల్పు మూతితో మొదలై లోపలికి పోనుపోను ఇరుకై, లోతు తగ్గే ఖాతం అది. వచ్చిన నీటికి పక్కలకి చోటు లేక పైకే లేస్తుంది. 1896లో ర్యోరి దగ్గర నీళ్లు 38.2 మీటర్ల ఎత్తుకి ఎక్కాయి.

ఆ 1896 జూన్ 15 నాటి భూకంపం గట్టిగా ఊగనే లేదు. నెమ్మదిగా కదిలింది, జనం పెద్దగా పట్టించుకోలేదు, అరగంట తర్వాత చీకట్లో నీళ్లొచ్చాయి. సుమారు 22,000 మంది పోయారు. 1933 మార్చి 3న తెల్లవారుజామున మళ్లీ వచ్చింది, 3,000 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 1960లో చిలీ భూకంపపు అలలు పసిఫిక్ దాటి వచ్చాయి. ఇక్కడ ఎవరికీ భూమి అదిరిన గుర్తే లేదు. ఆ అలలు చాలా సేపు సాగే రకం, ఒఫునాతో లాంటి పొడవైన ఖాతాల్లో నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగి ఇంకా పెరిగాయి. జపాన్‌లో పోయిన 142 మందిలో 53 మంది ఒఫునాతోలోనే. ఏ ఖాతానికి ఏ అల ప్రమాదమో దాని ఆకారాన్ని బట్టి మారుతుందని ఇక్కడివాళ్లకి అప్పుడే తెలిసింది.

ఇక రైలు. ఉత్తరాన హచినోహె లైను 1930లో కుజి చేరింది. మొరియోకా నుంచి కొండలు దాటుకుని యమదా లైను 1934లో మియాకోకి, అక్కడి నుంచి తీరం వెంట 1939లో కమాయిషికి వచ్చింది. దక్షిణాన ఒఫునాతో లైను 1935లో సకారికి వచ్చింది. ఆ రోజుల్లో పొడవైన సొరంగం తవ్వడం ఖర్చు, కష్టం. కాబట్టి వీలైనంతవరకు ఖాతం అంచు వెంట, ఊరి మధ్యలోంచి, సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తులో పట్టాలు వేశారు. దృశ్యం బాగుంటుంది, సునామీ వస్తే ముందు పోయేది కూడా అదే.

మధ్యలో మిగిలిన ఖాళీలు చాలా ఏళ్లు అలాగే ఉన్నాయి. సకారి నుంచి ర్యోరి 1970లో, మియాకో నుంచి తారో 1972లో, ర్యోరి నుంచి యోషిహామా 1973లో, కుజి నుంచి ఫుదాయి 1975లో తెరిచారు. అప్పటికి సాంకేతికత మారింది. కొండల్ని సూటిగా తొలిచి, లోయల మీద ఎత్తైన వంతెనలు వేసి లాక్కుపోయారు. తారో, ఫుదాయిల మధ్య 32.2 కి.మీ., యోషిహామా, కమాయిషిల మధ్య 15 కి.మీ. పని చాలావరకు అయిపోయిన దశలో జాతీయ రైల్వే అప్పుల్లో కూరుకుపోయింది. 1980లో వచ్చిన చట్టంతో నష్టాల్లో ఉన్న గ్రామీణ లైన్లని వదిలించుకోవడం మొదలెట్టారు. అప్పుడు ఇవాతే ప్రిఫెక్చర్, తీరంలోని మున్సిపాలిటీలు, ప్రైవేటు సంస్థలు కలిసి 1981లో సాన్రికు రైల్వే కంపెనీ పెట్టుకుని, మిగిలిన పని పూర్తి చేయించుకుని, 1984 ఏప్రిల్ 1న నడపడం మొదలెట్టాయి. జాతీయ రైల్వే వదిలేసిన గ్రామీణ లైన్లని ఇలా ఉమ్మడి కంపెనీ తీసుకోవడం దేశంలో అదే మొదలు. ఉత్తరాన 71.0 కి.మీ., దక్షిణాన 36.6 కి.మీ., మధ్యలో మియాకో నుంచి కమాయిషి దాకా 55.4 కి.మీ. మాత్రం జాతీయ రైల్వే చేతిలో, 1987 తర్వాత దాని వారసురాలు జేఆర్ చేతిలో ఉండిపోయింది.

2011 మార్చి 11న ఏమైందో ఈ లెక్కతో చూడండి. సాన్రికు రైల్వే సొరంగాలు, ఎత్తు వంతెనలు చాలావరకు నిలిచాయి. యోషిహామాకి ఉత్తరాన ఉన్న కువదాయి సొరంగంలో ఆగిన రైలుపెట్టె భద్రంగా మిగిలింది. పోయినవి రెండు సొరంగాల మధ్య పల్లంలోకి దిగే చోట్లు. షిమనోకోషిలో వంతెన, స్టేషను కొట్టుకుపోయి మెట్లు, ఒక స్మారక శిల మాత్రం మిగిలాయి. నోదా దగ్గర ఇసుక తీరం వెంట పట్టాలే లేకుండా పోయాయి. కరెంటు లేని మియాకోలో, స్టేషన్లో నిలబడ్డ డీజిల్ పెట్టెలో ఇంజిన్ వేసుకుని, ఆ దీపాల కింద, ఆ వెచ్చదనంలో సిబ్బంది ఆఫీసు నడిపారు. ఐదు రోజులకే, మార్చి 16న, రికుచు నోదా నుంచి కుజికి రైలు కదిలింది. 20న మియాకో నుంచి తారోకి నడిచింది. మొదట్లో టికెట్టు కూడా తీసుకోలేదు. రోడ్లు శిథిలాలతో నిండి, పెట్రోలు దొరకని రోజుల్లో అది ఎంత పెద్ద సాయమో ఊహించుకోండి. మొత్తం లైను 2014 ఏప్రిల్ 6కి తిరిగి తెరుచుకుంది. షిమనోకోషిలో ఈసారి వంతెనకి బదులు మట్టి కట్ట వేశారు. సునామీ వస్తే అది ఊరికి ఇంకో అడ్డుగోడగా కూడా పనికొస్తుంది.

1930ల నాటి యమదా లైనులో తీరం వెంట పోయే భాగం మాత్రం ఒత్సుచి, యమదా ఊళ్లతో పాటే తుడిచిపెట్టుకుపోయింది. జేఆర్ దాన్ని తిరిగి కట్టి, 300 కోట్ల యెన్‌లు కూడా ఇచ్చి, సాన్రికు రైల్వేకి అప్పగించింది. 2019 మార్చి 23 నుంచి కుజి, సకారిల మధ్య 163 కి.మీ. ఒకటే రియాస్ లైను. ఆ అక్టోబరులోనే హగిబిస్ తుఫాను మళ్లీ తెంచింది, 2020 మార్చి 20కి మళ్లీ కలిపారు.

సకారికి దక్షిణాన రైలు తిరిగి రాలేదు. ఊళ్లకి ఊళ్లే ఎత్తు ప్రదేశాలకి మారుతున్నప్పుడు పాత స్థలంలోనే కోట్లు పోసి పట్టాలు వేయడం జేఆర్‌కి గిట్టుబాటు కాలేదు. చాలావరకు పాత రైలు కట్టనే బస్సుల కోసం రోడ్డుగా మార్చింది, దాన్నే బీఆర్‌టీ అంటారు. కెసెన్నుమా ఊరికి దక్షిణాన పోయే కెసెన్నుమా లైనులో 2012లో, ఒఫునాతో లైనులో సకారి, కెసెన్నుమాల మధ్య 2013లో మొదలైంది. కొన్నాళ్లకే అనుకున్నారు గానీ, 2020లో రైలు లైసెన్సే రద్దు చేశారు. రైలు పోయినందుకు స్థానికుల బాధ నిజమైనదే, వాళ్లతోనే నేనూ ఉంటాను. కానీ బస్సుకి రెండు మేళ్లు ఒప్పుకోవాలి: రోజుకి ఎక్కువ సార్లు నడుస్తుంది, హెచ్చరిక వస్తే రోడ్డెక్కి కొండ మీదికి పోగలదు. వింతగా అనిపించే దృశ్యం ఒకటుంది. మామూలు రోడ్డుని దాటే చోట గేటు కార్లకి కాదు, బస్సు దారికి అడ్డంగా పడి ఉంటుంది. బస్సు దగ్గరికి వస్తేనే లేస్తుంది. తెలియని కార్లు బస్సు దారిలోకి దూరకుండా ఆ ఏర్పాటు.

ఇప్పుడు మీ ప్రయాణం. మొదటి రోజు పొద్దున్నే షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో హచినోహె, అక్కడి నుంచి హచినోహె లైనులో కుజి, సుమారు రెండు గంటలు. తర్వాత కుజి నుంచి మియాకోకి సుమారు గంటన్నర నుంచి గంటా నలభై నిమిషాలు. ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తున్నారు కాబట్టి సముద్రం ఎప్పుడూ ఎడమ చేతి వైపే. ఈ మధ్యలో చాలామంది నిరాశపడతారు. ‘తీరపు రైలు’ అని ఎక్కితే సగం దూరం చీకటి. తారోకి ఉత్తరాన మజాకి సొరంగం ఒక్కటే 6.5 కి.మీ. సముద్రం కనిపించే చోట్లు ముందే తెలుసుకుని కూర్చోవాలి: రికుచు నోదా దాటాక తోఫుగఉరా దగ్గర, తర్వాత అక్కా నది వంతెన మీద, హొరినాయి స్టేషను దాటాక ఒసావా వంతెన మీద. ఈ వంతెనలు నీటికి 30 మీటర్ల పైన ఉంటాయి. చాలా రైళ్లు వాటి మీద నెమ్మదిస్తాయి లేదా కాసేపు ఆగుతాయి. ఫోన్ కెమెరా తెరిచే ఉంచుకోండి.

మధ్యలో ఒక్క చోటే దిగగలిగితే తారోలో దిగమంటాను. అక్కడ 10 మీటర్ల ఎత్తు, మొత్తం 2,433 మీటర్ల పొడవు గోడ ఉండేది. 1934లో మొదలెట్టి దశలు దశలుగా కట్టారు. మొదటి గోడ వంపుగా, అల పక్కలకి మళ్లేలా కట్టింది. 2011లో నీళ్లు దాని మీంచి దూకినా అది నిలబడింది. తర్వాత సముద్రానికి ఎదురుగా చేర్చిన గోడలో పెద్ద భాగం కూలిపోయింది. రెండింటినీ పక్కపక్కన చూస్తే ఎంత ఎత్తు అన్నదే కాదు, ఏ వైపు తిరిగి ఉంది అన్నదీ లెక్కే అని అర్థమవుతుంది. ఫుదాయిలో మాత్రం 15.5 మీటర్ల ఎత్తు వరద గేటు 1984లో పూర్తయింది. ‘ఇంత ఎత్తు దేనికి’ అని తిట్టించుకున్న అప్పటి గ్రామాధ్యక్షుడు వమురా కోతోకు వెనక్కి తగ్గలేదు. 2011లో గేటు వెనకున్న ఇళ్లు దక్కాయి.

రాత్రి మియాకోలో ఉండండి. తెల్లటి రాతి శిఖరాల జోదోగహామా బీచ్‌కి స్టేషను నుంచి సిటీ బస్సు ఉంది, పెద్దవాళ్లకి కూడా ఇబ్బంది లేదు.

రెండో రోజు మియాకో నుంచి కమాయిషి దాకా పాత యమదా లైను, ఖాతాల అంచు వెంటే పోతుంది. అయితే ఇప్పుడు ఒత్సుచి, ఉనొసుమాయి దగ్గర 14.5 మీటర్ల కొత్త గోడలు లేచాయి, చాలాచోట్ల సముద్రానికి బదులు కాంక్రీటే కనిపిస్తుంది. ఉనొసుమాయిలో స్టేషను పక్కనే సునామీ ప్రదర్శనశాల, కొంచెం నడిస్తే 2019 రగ్బీ ప్రపంచకప్ మ్యాచ్ ఆడిన స్టేడియం. ఆ స్థలంలో ఇంతకుముందు రెండు బడులుండేవి. 2011లో ఆ రోజు బడిలో ఉన్న పిల్లలు భూమి అదరగానే ఎత్తుకి పరుగెత్తి బతికారు. కమాయిషి నుంచి సకారి సుమారు 50 నిమిషాలు. అక్కడ బీఆర్‌టీ ఎక్కి రికుజెన్‌తకాతలో ‘కిసెకి నో ఇప్పొన్ మత్సు’ స్టాపులో దిగితే సునామీ మ్యూజియం, 2011 సునామీకి కూలకుండా నిలిచిన ఒంటరి పైన్ చెట్టు రెండూ చూడొచ్చు. తర్వాత కెసెన్నుమా, అక్కడి నుంచి రైల్లో ఇచినోసెకి, షింకాన్‌సెన్‌లో సెందాయ్.

టికెట్ల దగ్గర పొరపాట్లు జరుగుతాయి. జేఆర్ పాస్ హచినోహె లైనుకి, బీఆర్‌టీకి చెల్లుతుంది. కుజి నుంచి సకారి దాకా చెల్లదు, వేరే కొనాలి. సుయికా (ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే కార్డు) కూడా రియాస్ లైనులో నడవదు, కాబట్టి వెయ్యి యెన్‌ల నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. మనుషులున్న స్టేషన్లో ఎక్కితే కౌంటర్లో కొనండి, మధ్యలో దిగే వీలున్న టికెట్టు ఉందేమో అక్కడే అడగండి. మనుషులు లేని స్టేషన్లో ఎక్కితే తలుపు దగ్గర మిషన్ నుంచి నంబరు చీటీ లాక్కోవాలి. ముందున్న బోర్డులో ఆ నంబరు కింద ఛార్జీ కనిపిస్తుంది, దిగేటప్పుడు డ్రైవరు పక్కనున్న పెట్టెలో వేయాలి. చీటీ మరిచిపోతే ఎక్కడ ఎక్కారో రుజువుండదు.

రైళ్ల మధ్య గంట నుంచి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఖాళీ ఉంటుంది. దిగేముందే తర్వాతి రైలు టైము రాసుకోండి. చాలా రైళ్లు ఒక్క పెట్టెవే, బడి టైముకి పిల్లలతో నిండిపోతాయి, పెద్దవాళ్లతో ఆ రైలు వద్దు. డిసెంబరులో సాయంత్రం నాలుగుంబావుకే చీకటి పడుతుంది, కాబట్టి చలికాలంలో వస్తే ఉత్తర భాగం మధ్యాహ్నంలోపే పూర్తి చేయాలి. భోజనానికి చేపలు, ఆల్చిప్పలు తినేవాళ్లకి లోటు లేదు. శాకాహారులైతే మియాకో, కమాయిషి సూపర్ మార్కెట్లలోనే కొనిపెట్టుకోవాలి, చిన్న స్టేషన్లలో ఏమీ దొరకదు.

తుఫాను, పెద్ద వాన ఉంటే ఈ లైను ఆపేస్తారు. అప్పుడు బయటపడే దారులు ముందే తెలిసుండాలి. మియాకోలో చిక్కుకుంటే మొరియోకాకి 106 నంబరు హైవే బస్సు, యమదా లైను రైళ్ల కన్నా చాలా తరచుగా నడుస్తుంది. కమాయిషిలో అయితే కమాయిషి లైనులో హనమాకి వైపు. కుజిలో అయితే వచ్చిన దారినే హచినోహె. మియాకోకి ఉత్తరాన మధ్యలో, అంటే తనోహత, ఫుదాయి దగ్గర దిగి ఉంటే వేరే దారి దొరకడం కష్టం. వాతావరణం అనుమానంగా ఉన్న రోజు ఆ ముక్కలో దిగకుండా నేరుగా మియాకో చేరిపోండి.