రోమ్ సామ్రాజ్యం 476లో పడిపోయిందా, 1453లోనా?

రెండూ కరెక్టే, ఏ రోమ్ గురించి అడుగుతున్నారన్నదే పాయింట్. 395లో థియోడోసియస్ చక్రవర్తి చనిపోయాక రాజ్యాన్ని ఇద్దరు కొడుకులు చెరో సగం తీసుకున్నారు, మళ్ళీ కలవలేదు. పడమటి సగం అప్పటికే ఖజానా ఖాళీ, సైన్యంలో ఎక్కువమంది బయటి తెగలవాళ్ళే, చివరికి 476లో ఒడోవాసర్ అనే సేనాని కుర్రరాజు రోములస్ అగస్టులస్‌ని దింపేశాడు. చంపలేదు కూడా, పెన్షన్ ఇచ్చి పంపేశాడు, రాజచిహ్నాలేమో తూర్పు సగం రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కి పంపించాడు, అంటే అసలు రాజు అక్కడున్నాడు కదా ఇక్కడ ఇంకొకడెందుకు అన్నట్టు.

తూర్పు సగం మాత్రం ఇంకో వెయ్యేళ్ళు నడిచింది. మనం బైజాంటైన్ అంటాం గానీ ఆ పేరు తర్వాతి చరిత్రకారులు పెట్టింది, అక్కడి జనం మాత్రం గ్రీకు మాట్లాడుతూనే మేం రోమన్లమే అనుకునేవాళ్ళు. నన్నడిగితే దాన్ని నిజంగా దెబ్బ తీసింది తోటి క్రైస్తవులే, 1204లో నాలుగో క్రూసేడ్ (జెరూసలేం కోసం చేసే మతయుద్ధం) వాళ్ళు జెరూసలేం సంగతి వదిలేసి కాన్‌స్టాంటినోపుల్‌నే దోచుకున్నారు, ఇక కోలుకోలేదు. 1453 మే 29న 21 ఏళ్ళ ఒట్టోమన్ తుర్కుల సుల్తాన్ రెండో మెహ్మెద్ పెద్ద పెద్ద ఫిరంగులతో గోడలు బద్దలుకొట్టి లోపలికొచ్చాడు. ఆ కాన్‌స్టాంటినోపులే ఇప్పటి ఇస్తాంబుల్.