చెయ్యి వణుక్కి మాత్ర సంగతి తర్వాత, ముందు ఆ ఇన్‌హేలర్ ఎవరిదో చెప్పండి

ప్రశ్న: నా వయసు 44. రేసింగ్ కార్ల మోడల్ కిట్లు కట్టి పెయింట్ చేయడం నా హాబీ. ఇన్నాళ్లూ 1/24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) చేసేవాణ్ని, ఆరు నెలలుగా 1/12కి మారాను. ఎయిర్‌బ్రష్‌తో లాకర్ పెయింట్, డెకాల్స్ (అతికించే బొమ్మలు, అక్షరాలు) అతికించాక పైన హార్డెనర్ కలిపే టూ-కె క్లియర్ (రెండు డబ్బాలు కలిపి వేసే పారదర్శకమైన మెరుపు పూత) కొడతాను. ఇప్పుడు ఇంజిన్ వైరింగ్, సీటు బెల్టు బకిల్స్ లాంటి డీటెయిలింగ్ పని నడుస్తోంది. ఈ మధ్య ట్వీజర్స్ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. పనికి కూర్చునే ముందు ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకుంటే చెయ్యి కుదురుగా ఉంటుందని ఒక మిత్రుడు చెప్పాడు. ఎంత డోసు వేసుకోవాలి? దగ్గరి వస్తువులు మసకగా కూడా కనిపిస్తున్నాయి. (రెండు నెలలుగా రాత్రిపూట పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. డస్ట్ ఎలర్జీ అనుకుంటా. ఇంట్లో ఉన్న సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీలిస్తే తగ్గిపోతోంది. ఎన్95 మాస్క్ పెట్టుకునే స్ప్రే చేస్తాను.)

జవాబు: ప్రొప్రనొలాల్ వేసుకోవద్దు. సగం మాత్ర కూడా వద్దు. ఇప్పటికే కొని పెట్టుకుని ఉంటే పక్కన పడేయండి. డోసు అడిగారు కాబట్టి ముందు ఆ మాట చెప్పేశాను, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మీరు బ్రాకెట్లో పెట్టి రాసిన నాలుగు ముక్కలే నాకు అసలు ఉత్తరం. రాత్రి పొడి దగ్గు, ఛాతీ పట్టేయడం, సాల్బుటమాల్‌తో తగ్గడం. ఈ మూడూ కలిసి ఉన్న మనిషికి, వేరే కారణం రుజువయ్యేదాకా, ఆస్తమా ఉందేమో అనే అనుమానంతోనే మేము చూస్తాం. ప్రొప్రనొలాల్ గుండె దడని, చేతి వణుకుని తగ్గించే మాట నిజమే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒక పిస్టల్ షూటర్ ఈ మందు వాడినట్టు తేలి పతకాలు పోగొట్టుకున్నాడు, అంత పని చేస్తుంది. కానీ గాలి గొట్టాలను తెరిచి ఉంచే రిసెప్టర్లు (మందు వచ్చి అతుక్కునే చోట్లు) ఊపిరితిత్తుల్లో కొన్ని ఉంటాయి, ఈ మందు వాటినీ మూసేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు ఒక్క మాత్రతోనే ఆయాసం ముంచుకురావచ్చు. ఇంకా ఘోరమేమిటంటే సాల్బుటమాల్ పనిచేసేది సరిగ్గా ఆ రిసెప్టర్ల మీదే, కాబట్టి ఆ సమయానికి మీరు ఇన్‌హేలర్ పీల్చినా అది పనిచేయాల్సినంత పనిచేయదు. నీటికాసులకు కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఇదే జాతి మందు. ఆ చుక్కలతోనే ఆయాసం తిరగబెట్టడం మాకు తెలిసిన విషయమే, మాత్ర సంగతి ఇక చెప్పక్కర్లేదు. మీ మిత్రుడు మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, ఆయనకు మీ దగ్గు సంగతి తెలిసి ఉండదు.

ఇక వణుకు. మీ వణుక్కి కారణం ఆ ఇన్‌హేలరే కావచ్చు. సాల్బుటమాల్ కండరాల మీద కూడా పనిచేస్తుంది, వేళ్లు సన్నగా వణకడం దాని మామూలు సైడ్ ఎఫెక్ట్. పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మొదలై కొన్ని గంటలు ఉండొచ్చు, దానితోపాటు గుండె దడ కూడా అనిపిస్తుంది. మీరు రోజుకు ఎన్నిసార్లు పీలుస్తున్నారో రాయలేదు. పని మొదలుపెట్టే ముందు "ఎందుకైనా మంచిది" అని రెండు పఫ్‌లు లాగుతున్నారా? అలా అయితే ఒక మందు వణికిస్తోంది, ఆ వణుకు ఆపడానికి ఆ మందుకు విరుద్ధమైన ఇంకో మందు అడుగుతున్నారు. సొంత వైద్యం ఎప్పుడూ ఇలాగే ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. అందుకే ఈ విషయంలో నేను ఎవర్నీ ఊరికే వదలను, మీరు కూడా ఏమీ అనుకోకండి.

ఇప్పుడు అసలు భయపెట్టేది చెబుతాను. మీరు వాడే టూ-కె క్లియర్‌లో రెండో డబ్బా, అంటే హార్డెనర్, దాదాపు ఎప్పుడూ ఐసోసయనేట్ అనే రసాయనం ఉన్నదే. డబ్బా లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "హెక్సామెథిలీన్ డైఐసోసయనేట్" అనో, "పాలీఐసోసయనేట్" అనో ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి. అసలు కార్ల బాడీ షాపుల్లో స్ప్రే చేసేవాళ్లకు వచ్చే ఆస్తమాకు పెద్ద కారణం ఇదే, వృత్తి వల్ల వచ్చే ఆస్తమా జాబితాలో ఐసోసయనేట్లది ముందు వరస. బొమ్మ కారు కదా అనుకోవద్దు, స్ప్రే గొట్టంలోంచి వచ్చే పొగమంచు అదే. పైగా మీరు 1/24 నుంచి 1/12కి మారానన్నారు. పొడవు రెట్టింపయిందంటే పెయింట్ పట్టే ఉపరితలం నాలుగు రెట్లయింది. నాలుగున్నర మీటర్ల రేసు కారు 1/12లో 37 సెంటీమీటర్ల పైన వస్తుంది, రెక్కలు, బాడీ ప్యానెళ్లు విడిగా ఎక్కువే ఉంటాయి. కోట్ మీద కోట్ వేసి తుడిచి, గీకి, మళ్లీ వేస్తుంటారు కాబట్టి మీరు గాలిలోకి వదిలే క్లియర్ కూడా దాదాపు అదే లెక్కన పెరిగి ఉంటుంది. ఆరు నెలల క్రితం పెద్ద స్కేలు, రెండు నెలల క్రితం దగ్గు. నాకు ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఇది కాకతాళీయం కావచ్చు, మిమ్మల్ని చూడకుండా, ఛాతీ వినకుండా నేను తీర్పు చెప్పను, అనుమానం మాత్రం బలంగానే ఉంది.

ఐసోసయనేట్‌తో మోసం రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది, వాసన. థిన్నర్ ఘాటుగా వాసన వేస్తుంది కాబట్టి అదే ప్రమాదం అనుకుంటాం, వాసన పోయాక గది బాగుపడిందనుకుంటాం. ఐసోసయనేట్ వాసన తెలిసే సరికే అది గాలిలో ఉండకూడని స్థాయి దాటిపోయి ఉంటుంది. రెండోది, టైము. కొట్టిన వెంటనే ఏమీ కాదు, బాగానే ఉంటుంది. సాయంత్రం క్లియర్ కొట్టి, ఎయిర్‌బ్రష్ కడిగేసి, అన్నం తిని పడుకుంటారు. నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే సరిగ్గా నడి రాత్రి, దగ్గు మొదలవుతుంది. ఎవరైనా దుప్పటిలో దుమ్మునే అనుమానిస్తారు. మీరూ అదే చేశారు. ఒకసారి గుర్తు చేసుకోండి, దగ్గొచ్చిన రాత్రులు స్ప్రే చేసిన రోజులేనా? వారం పది రోజులు బల్ల ముట్టుకోనప్పుడు, ఊరెళ్లినప్పుడు తగ్గిందా? మీ ఉత్తరంలో ఇది ఉండి ఉంటే నాకు సగం పని తగ్గేది.

ఒకసారి శరీరం ఈ రసాయనానికి ఎలర్జీ తెచ్చుకుందంటే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు కూడా చాలు. మాస్క్ మార్చుకుంటాను, కిటికీ తెరుచుకుంటాను, కొంచెమే కొడతాను అంటే కుదరదు. అందుకే మొదటి మాట, టూ-కె క్లియర్ పూర్తిగా ఆపేయండి, పరీక్షలన్నీ అయ్యేదాకా. కలిపి మిగిలింది పారేసే పని కూడా వేరేవాళ్లకు అప్పగించండి, చేసేవాళ్లకు మాస్క్, గ్లోవ్స్ పెట్టించండి. చర్మానికి తగిలినా ఈ ఎలర్జీ రావచ్చు. పూర్తిగా గట్టిపడిన పాత మోడల్ షెల్ఫులో ఉండటం వల్ల భయం లేదు. పైపైన ఆరి, లోపల ఇంకా పచ్చిగా ఉన్న క్లియర్‌ని శాండ్‌పేపర్‌తో గీకడం మాత్రం వద్దు.

ఎన్95 గురించి. అది దుమ్ము కణాలను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. లాకర్ థిన్నర్‌లో టొలుయీన్, జైలీన్, అసిటోన్ లాంటివి ఉంటాయి, అవి ఎన్95 లోంచి హాయిగా వచ్చేస్తాయి. మామూలు లాకర్‌కైతే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని ముందు కణాల ఫిల్టర్ ఉన్న హాఫ్ ఫేస్ మాస్క్ కావాలి, మొహానికి అంటుకుని ఉండాలి, గడ్డం ఉంటే అంటుకోదు. వాడాక కార్ట్రిడ్జ్‌ని మూత బిగించే డబ్బాలో పెట్టాలి, లేకపోతే గదిలో ఉన్న ఆవిరినంతా అది బల్ల మీద కూర్చునే పీల్చేసుకుంటుంది. ఐసోసయనేట్‌కి వాసన ముందుగా తెలియదు కాబట్టి కార్ట్రిడ్జ్ ఎప్పుడు అయిపోయిందో మీకు తెలియదు, అందుకే దాన్ని రోజూ స్ప్రే చేసేవాళ్లకు బయటి నుంచి శుభ్రమైన గాలి పంపే మాస్కులు ఇస్తారు. ఇంట్లో అది చేయలేం కదండీ.

అసలు ఈ ఇన్‌హేలర్ అప్పు తీసుకోవడం గురించి కొంచెం గట్టిగా మాట్లాడాలి. "పీలిస్తే తగ్గిపోతోంది" అని రాశారు. తగ్గేది బిగుతు, లోపలి వాపు కాదు. సాల్బుటమాల్ గొట్టం చుట్టూ ఉన్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. లోపల పొర వాచి, జిగురు పట్టి, రోజురోజుకీ ముదురుతూనే ఉంటుంది, దానికి పీల్చే స్టెరాయిడ్ కావాలి. అందుకే ఇప్పుడు ఆస్తమా ఉన్నవాళ్లకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి పంపొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. మీరు ఆ ఒక్కటే రెండు నెలలు నడిపారు. ఆ రెండు నెలలూ స్ప్రే కూడా ఆగలేదు. రసాయనాల వల్ల వచ్చే ఆస్తమాలో, లక్షణాలు మొదలయ్యాక ఎంత త్వరగా ఆ రసాయనం నుంచి దూరం జరిగితే అంత బాగా కోలుకునే అవకాశం. ఆలస్యం చేసినవాళ్లలో ఆ రసాయనం వదిలేసినా ఆస్తమా మాత్రం ఉండిపోవడం చాలామందిలో చూస్తాం. ఇన్‌హేలర్ ఎవరికోసం కొన్నారో వాళ్లకు అవసరం పడినప్పుడు అది ఖాళీగా ఉంటే? అదీ ఆలోచించండి.

ఈ వారంలోనే ఊపిరితిత్తుల డాక్టర్ని కలవండి. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేస్తారు, అది ఆ రోజు నార్మల్ రావచ్చు, నార్మల్ వచ్చిందని ఇంటికొచ్చి మళ్లీ స్ప్రే మొదలుపెట్టకండి, ఆస్తమా పూటపూటకీ మారే జబ్బు. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇస్తారు, రోజుకు కనీసం నాలుగు పూటలు, ఒక్కో పూట మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి, రెండు మూడు వారాలు. పక్కన ఆ రోజు బల్ల మీద ఏం చేశారో రాయండి, "క్విక్ గ్లూతో ప్లగ్ వైర్లు", "డెకాల్స్ మాత్రమే", అలా. సూపర్ గ్లూ ఆవిరి కూడా కొందరికి ఆస్తమా తెస్తుంది, ఇంజిన్ వైరింగ్‌లో ముక్కు దగ్గర పెట్టుకుని చేసేది దానితోనే కాబట్టి అదీ నా అనుమానంలో ఉంది. కానీ ఒకటి, దగ్గు వస్తుందో లేదో చూద్దామని కావాలని క్లియర్ కొట్టి చూడటం మాత్రం చేయకండి. అలాంటి పరీక్షలు ఆస్పత్రిలో, పక్కన మనుషులుండగా చేసేవి.

వెళ్లేటప్పుడు హార్డెనర్, థిన్నర్, గ్లూ లేబుళ్లు ఫోన్‌లో ఫొటో తీసుకెళ్లండి. మా డాక్టర్లం "ఏం ఉద్యోగం" అని అడుగుతాం, మీరు ఆఫీసు పని అంటారు, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. హాబీ గురించి మీరే చెప్పాలి. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటే అదీ చెప్పండి, వాటితోనూ పొడి దగ్గు వస్తుంది. గ్యాస్ పైకి తన్నినా రాత్రి దగ్గు వస్తుంది. మెడ నొప్పికి పెయిన్ కిల్లర్లు మింగే అలవాటుంటే అవీ చెప్పండి, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొందరు ఆస్తమా వాళ్లకు పడవు.

మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోవడం, తగ్గినా గంటల్లోనే మళ్లీ రావడం, వీటిలో ఏది కనిపించినా ఈ జవాబు పక్కన పెట్టి ఎమర్జెన్సీకి వెళ్లండి. అప్పుడు చేతిలో ఉన్న ఇన్‌హేలర్ ఎవరిదైనా సరే వాడుతూనే వెళ్లండి, ఆ క్షణంలో నా తిట్లు గుర్తుపెట్టుకోవద్దు.

మీ మిగతా రెండు ప్రశ్నలకు క్లుప్తంగా. వణుకు ఇన్‌హేలర్ వాడని రోజున కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి, కాఫీ ఎంత తాగుతున్నారో చూసుకోండి, నిద్ర చాలకపోయినా వణుకుతుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు ఒక పక్కే వణుకుతుంటే న్యూరాలజిస్ట్‌కి చూపించండి. పని చేసేటప్పుడు మోచేతులు బల్లకు ఆనించి, రెండు చేతుల చిటికెన వేళ్లు ఒకదానికొకటి తాకించి పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న చేతికి ఉండే సహజమైన వణుకు చాలావరకు కనిపించదు. 44 ఏళ్లకు దగ్గరి చూపు మసకబారడం మామూలే, చత్వారం. కళ్ల డాక్టర్ దగ్గర మీరు ట్వీజర్స్ పట్టుకునే దూరం కొలిచి చెప్పి అద్దాలు రాయించుకోండి, చదువుకునే అద్దాల దూరం దీనికి సరిపోకపోవచ్చు.

హాబీ మానేయమని నేను అనడం లేదు. హార్డెనర్ అవసరం లేని, నీళ్లతో పలచన చేసే అక్రిలిక్ క్లియర్లు ఉన్నాయి, ఓపిగ్గా పాలిష్ చేస్తే మెరుపు వస్తుందని చేసేవాళ్లు చెబుతారు, ఊపిరితిత్తుల డాక్టర్ సరేనంటే వాటిని గాలి బయటికి పోయే బూత్‌లో కొట్టుకోవచ్చు. నీళ్లవి కదా అని మాస్క్ తీసేయకండి, పొగమంచు ఏదైనా పొగమంచే. ఈలోగా డెకాల్స్, సీటు బెల్టులు చేసుకోండి. పీక్ ఫ్లో అంకెలు, స్పైరోమెట్రీ రిపోర్టు, లేబుల్ ఫొటోలు, ఇన్‌హేలర్ రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నారన్న లెక్క, ఈ నాలుగూ పట్టుకుని మళ్లీ రాయండి.